దొరసానికి తోడు

పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు పాలతను గేటుకు సంచి తగిలించి వెళ్లాడు. నేను సంచి లోపలికి తెచ్చి, వంటింట్లో ప్యాకెట్ మూల కత్తిరించాను. ఎనిమిదేళ్లుగా ఆ కత్తెర చప్పుడుకు మా పిల్లి ఇంట్లో ఎక్కడున్నా లేచి వచ్చేది. ఆ రోజు రాలేదు. ముందుగదిలో అక్క కుర్చీ కింద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిన్న పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉంది. మొన్నటిది కూడా అలాగే తీసి పారబోశానని అప్పుడు గుర్తొచ్చింది.

అక్క పోయి అప్పటికి నలభై రోజులు.

అక్కా నేనూ నల్గొండలో ఒకే ఇంట్లో పంతొమ్మిదేళ్లు ఉన్నాం. బావ చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. నేను పెళ్లి చేసుకోలేదు. ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అక్క మర్రిగూడ వైపు ఊళ్లలో నర్సుగా పనిచేసింది. టీకాలు వేయడం, కాన్పులు చూడడం, గోళీలు పంచడం తన పని. అక్కడ అందరికీ తను సిస్టరమ్మ. ఇంట్లో ఉన్నంతసేపూ మాట్లాడేది. నేను వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. నేను వింటున్నానో లేదో అని తను ఎప్పుడూ అడగలేదు. నిజానికి వినేదాన్ని.

పిల్లి మాకు అనుకోకుండా వచ్చింది. రాష్ట్రం వచ్చిన రెండేళ్లకు, మా మేడమీద కిరాయికున్న బ్యాంకు ఉద్యోగికి బదిలీ అయింది. వాళ్లు పోయే ఊళ్లో ఇంటివాళ్లు పిల్లిని ఒప్పుకోలేదట. ఏడాది కూడా నిండని పర్షియన్ పిల్లి. తెల్లటి ఒత్తు బొచ్చు, ఎవరో అరచేత్తో నొక్కినట్టున్న ముఖం, ఎప్పుడూ కారే కళ్లు. ఇంకో జాగా దొరికేదాకా రెండు రోజులు ఉంచుకుంటానని అక్క తీసుకుంది. పేరు పెట్టలేదు. గిన్నె ముందు కూర్చుని, వడ్డించినదాన్ని ఒకసారి పరిశీలించి గానీ మూతి పెట్టదని దొరసాని అనేది. "ఏం దొరసానీ, కూర సరిపోయిందా? మళ్ల వండాల్నా?" అని అడిగేది. రోజూ మధ్యాహ్నం దువ్వేది. దూది తడిపి కళ్లు తుడిచేది. నేను దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. అయిష్టం ఏమీ లేదు. వాళ్లిద్దరి మధ్య నాకు పని ఉండేది కాదు.

ఆ రోజు దాన్ని మొదటిసారి రెండు చేతులతో ఎత్తాను. బొచ్చు తప్ప బరువు లేదు. బుట్టలో పెట్టుకుని ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ముప్పై దాటని అమ్మాయి. బర్రెకు సూది వేసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఎన్ని రోజులైందమ్మా తినక?"

"రెండు రోజుల నుంచి అసలే లేదు. అంతకుముందు కొద్దికొద్దిగ."

"కుక్కయితే ఇంకో రోజు చూద్దామంటుంటి. పిల్లి గట్ల కాదు. కడుపు మాడితే కాలేయం పాడైతది. గిట్లనే విడిచిపెడితే మనకు దక్కది." పిల్లి నోరు తెరిచి చూసింది, పొట్ట నొక్కి చూసింది. "రోగమైతే ఏం కనబడ్తలేదు. ఇంట్ల ఎవరన్న పోయిన్రా?"

నేను చెప్పాను. ఆమె పరామర్శ మాటలేవీ అనలేదు. అందుకు ఆమె అంటే నాకు గౌరవం కలిగింది. చికెన్ ఉప్పూ కారం లేకుండా ఉడికించి, మెత్తగా రుబ్బి, వేలితో తీసి పిల్లి పై దవడకు రాయమంది. రోజుకు ఆరుసార్లు. అది నోట్లో ఉంచుకోలేక మింగుతుందట. నా వేలు పట్టుకుని ఎలాగో చూపించింది.

నేను పదేళ్లుగా నీచు ముట్టను. చికెన్ దుకాణంలో ఏమని అడగాలో కూడా తెలియలేదు. నన్ను అక్క చెల్లెలిగా గుర్తుపట్టి దుకాణమతనే, "పిల్లికా అమ్మా? సిస్టరమ్మ తీస్కపోయేదే ఇస్త" అని బొక్కలు లేకుండా కోసి ఇచ్చాడు. వేరే కుక్కర్ కొన్నాను. మూడు రోజుల్లో దొరసాని నా వేలికి అలవాటు పడింది. దానికి అదే ఆధారం, అంతకుమించి లేదు. గిన్నెలో పెడితే చూసేది కాదు. వారం తర్వాత తూకం వేస్తే తగ్గనూ లేదు, పెరగనూ లేదు.

"వేలితో ఎన్నొద్దులు పెడ్తరు?" అంది డాక్టరమ్మ. "మీకు జరమొస్తే? దానంతట అది తినాలె. మీరైతే పుస్తకం పట్టుకుని కూసుంటనంటున్నరు. మీ అక్క పొద్దంతా దానితోని మాట్లాడేది. ఇల్లు ఒక్కసారి సప్పుడు లేకుంటయింది. తోడు పిల్లిని చూడండి. అన్ని పిల్లులకు తోడు పడదు, ముందే చెప్తున్న. దీనికి పడొచ్చనిపిస్తాంది. కానీ ఏది పడితే అది తేకండి."

నేను ఏ పనైనా చదివి చేసే మనిషిని. జిల్లా గ్రంథాలయంలో పెంపుడు జంతువుల పుస్తకం ఒకటే దొరికింది, అందులో పిల్లులకు నాలుగు పేజీలు. మిగిలింది ఫోన్‌లో చదివి నోటు పుస్తకంలో రాసుకున్నాను. పర్షియన్ నెమ్మది జాతి. దూకదు, ఎక్కదు, చప్పుడు పడదు. చదును ముక్కు వల్ల పరుగెత్తితే ఆయాసం వస్తుంది. దానికి బెంగాల్ పిల్లిని జోడిస్తే పొద్దంతా వెంటపడి వేధిస్తుంది. సియామీస్ తెలివైనదే కానీ నోరు ఎక్కువ, మనిషి ఒడి కోసం పోటీ పడుతుంది. మెయిన్ కూన్ సాధువే గానీ దీనికి మూడింతలు ఉంటుంది, మన ఎండలకు ఆగడం కష్టం. ఇంకో పర్షియన్ అయితే స్వభావం కలుస్తుంది కానీ రెండింటిని దువ్వే చేతులు నాకు లేవు. పిల్ల పిల్లి అసలే వద్దు, దాని ఆటకు ఎనిమిదేళ్ల పిల్లి ఓర్చదు. అన్నీ రాశాక, అక్క ఉంటే ఈ పేజీ చూసి ఏమనేదో తెలుసు కాబట్టి పుస్తకం మూసేశాను.

పిల్లుల దుకాణానికి కూడా పోయాను. దుకాణదారు నీలికళ్ల సియామీస్‌ను బయటికి తీశాడు. అది తీయగానే అరవడం మొదలుపెట్టింది.

"ఇది మనుషుల లెక్కనే మాట్లాడ్తది మేడం. మీరు ఒకటంటే అది రెండంటది."

"మా ఇంట్ల ఉన్న పిల్లికి నిమ్మళమైన తోడు కావాలె."

"నిమ్మళమా?" అతను సియామీస్‌ను మళ్లీ లోపల పెట్టాడు. "నిమ్మళంగుండే పిల్లిని పైసలు పెట్టి ఎవలు కొంటరు మేడం? గది ఏ గోడ మీదనన్న దొరుకుతది."

డాక్టరమ్మకు ఈ మాట చెబితే నవ్వింది. "ఆయన చెప్పింది కరెక్టే. జాతి చూసుడు కన్న నడత చూసుడు నయం. వయసొచ్చిన పిల్లి, నిమ్మళంగ ఉండేది, వేరే పిల్లులతోని పెరిగింది ఉంటే ఊరపిల్లి అయినా సరే."

అప్పుడు నాకు మర్రిగూడ దగ్గరి ఊళ్లో ఉండే ఒక అవ్వ గుర్తొచ్చింది. అక్క డ్యూటీకి పోయినప్పుడు ఆమె ఇంట్లోనే సద్ది విప్పుకునేది. ఆ ఇంట్లో పత్తీ కందులూ నిలవ ఉంటాయి కాబట్టి పిల్లులకు కరువు లేదని అక్క చెప్పేది. చండూరు మీదుగా పోయే బస్సెక్కాను.

అవ్వ నడుము సగానికి వంగి ఉంది. ఆ వైపు ఆమె వయసు వాళ్లు చాలామంది అలాగే ఉంటారు, వాళ్లు తాగి పెరిగింది ఫ్లోరైడు నీళ్లు. తల వంకరగా పైకెత్తి నన్ను చూసి, పోలిక పట్టి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూసింది.

"సిస్టరమ్మ చెల్లెవు గదా? గామె రాలే?"

ఆమెకు తెలియదని అప్పుడు నాకు అర్థమైంది. పిల్లి కోసం వచ్చిన దాన్ని, ముందు ఈ సంగతి చెప్పవలసి వచ్చింది. అవ్వ గడపలో కూర్చుంది. ఏడవలేదు. చాలాసేపు తన అరచేతులు చూసుకుంది.

"మా కోడలికి ముగ్గురూ గామె చేతులల్లనే పుట్టిన్రు," అంది. "నడిమిది అడ్డం తిరిగితే, ట్రాక్టర్‌ల తోల్కపోతాంటే తొవ్వలనే కాన్పు చేసింది. నాకొక్క మాట చెప్పకపోతిరి బిడ్డా."

"తప్పయింది అవ్వా."

"తప్పే." ఆమె లేచింది. "ఏం పని మీదొచ్చినవ్ చెప్పు."

నేను పిల్లి సంగతి చెప్పాను. పత్తి పోసిన గదిలో రెండు పిల్లులున్నాయి. ఒకటి బూడిదరంగు చారల ఆడపిల్లి, గింజ కదిలినా చెవి తిప్పుతోంది. ఇంకొకటి పసుపుపచ్చ గండుపిల్లి, పత్తి కుప్ప మీద నాలుగు కాళ్లూ చాపి పడుకుని ఉంది, మేము లోపలికి వచ్చినా కళ్లు తెరవలేదు. నేను చూసింది దాన్నే. కానీ అవ్వ చారల పిల్లిని పట్టి నా చేతిలో పెట్టింది.

"దీని లెక్క ఎలుకలు పట్టేది ఈ సుట్టుపక్కల లేదు. పొరుగోళ్లు అడిగితే ఇయ్యలే. సిస్టరమ్మ ఇంటికి గాబట్టి ఇస్తున్న."

మా ఇంట్లో ఎలుకలు లేవని, నాకు ఆ పడుకున్నది కావాలని చెప్పడానికి నోరు రాలేదు. మా వైపు ఇచ్చేవాళ్లు తమ దగ్గరున్న మంచిదే ఇస్తారు. తక్కువదాన్ని అడిగితే ఇచ్చే చేతిని అవమానించినట్టే. నేను దండం పెట్టి తీసుకున్నాను. బస్సు దగ్గరికి సాగనంపుతూ అవ్వ రెండు మాటలు చెప్పింది. "ఇంటికి పోంగనే పొయ్యి సుట్టు మూడుసార్లు తిప్పు, ఎల్లిపోది. రెండింటికి ఒక్క తల్లెల పెట్టు, కలిసిపోతయి."

మా గ్యాస్ పొయ్యి గోడకు ఆనుకుని ఉంది. దాని చుట్టూ తిరగడానికి దారి లేదు. కాసేపు నిలబడి ఆలోచించి, బుట్టను పొయ్యి మీదుగా గాలిలో మూడుసార్లు తిప్పాను. ఇలాంటివి నేను నమ్మను. ఎందుకు చేశానంటే, ఏ ఒక్కటీ వదలదలచుకోలేదు.

డాక్టరమ్మ టీకా వేసి, కొత్త పిల్లిని పది రోజులు వేరే గదిలో ఉంచమంది. అది జబ్బుల భయానికి చెప్పిన మాటేనని, పిల్లి పుష్టిగానే ఉంది కదా అని అనుకున్నాను. వెనక సామాన్ల గదిలో రెండు రోజులు ఉంచాను. దొరసాని నా వేలి మీద బతుకుతోంది, నాకు ఓపిక పట్టలేదు. మూడోరోజు పొద్దున స్టీలు తల్లెలో చికెన్ పెట్టి, ముందుగది మధ్యలో ఉంచి, ఒక పక్కన దొరసానిని కూర్చోబెట్టి, వెనక గది తలుపు తీశాను.

అవ్వ చెప్పిందనే కాదు. మేము చిన్నప్పుడు కొట్లాడుకున్న రోజు అమ్మ మా ఇద్దరికీ ఒకే తల్లెలో పెట్టేది. "తల్లె ఖాళీ అయ్యేదాక ఇద్దరు లేవద్దు" అనేది. తల్లె ఖాళీ అయ్యేది, మేము మళ్లీ మాట్లాడుకునేవాళ్లం. అరవై ఏళ్లుగా అది పనిచేసే ఉపాయమని నా నమ్మకం.

చారల పిల్లి వచ్చి తల్లెలో మూతి పెట్టింది. దొరసాని అలవాటు ప్రకారం చూస్తూ కూర్చుంది. తర్వాత, నేను ఇన్ని రోజులుగా కోరుకున్నట్టే, తనంతట తాను ముందుకు వంగింది. అంతే. చారల పిల్లి తల ఎత్తకుండానే పంజా విసిరింది. దొరసాని కంటి కింద గీత పడి రక్తం వచ్చింది. అది అరవలేదు. వెనక్కి వెనక్కి జరిగి, బీరువా కిందికి పోయింది. చారల పిల్లి తల్లె మొత్తం తిని, నాకి, బీరువా ముందు కాపలా కూర్చుంది.

దాన్ని మళ్లీ గదిలో పెట్టి, నేల మీద పడుకుని బీరువా కింద చెయ్యి పెట్టి పిలిచాను. సాయంత్రం వరకు దొరసాని రాలేదు. నా వేలు కూడా ఒద్దంది. అలా నేల మీద పడుకుని ఉన్నప్పుడు అమ్మ పెట్టిన తల్లె గుర్తు చేసుకున్నాను. ఈసారి సరిగ్గా గుర్తు చేసుకున్నాను. నేను గబగబా తినేదాన్ని. అక్క ముద్ద కలిపి, చేతిలో పట్టుకుని, నా వైపు చూస్తూ ఉండేది. చివరి ముద్ద ఎప్పుడూ నాదే. ఆ తల్లె దగ్గర మేము కలిసిపోయామని అనుకున్నాను గానీ, అక్కడ జరిగింది అక్క తక్కువ తినడం. తను ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు, అంత మాట్లాడే మనిషి.

ఇది తెలుసుకోవడానికి అక్క ఉండగా నాకు పంతొమ్మిదేళ్లు సమయం దొరికింది. ఆ పంతొమ్మిదేళ్లూ మేము వేర్వేరు వేళల్లో తిన్నాం. నేను ఏడున్నరకు, తను దేవుడి దగ్గర దీపం పెట్టి, ఫోన్లన్నీ అయ్యాక. చూసినవాళ్లు ఇదేం కాపురమని నవ్వేవారు. మా ఇద్దరికీ అదే కుదిరింది.

మర్నాడు దొరసాని కంటికి మందు వేస్తూ డాక్టరమ్మ నన్ను కోప్పడింది.

"ఒక్క తల్లెలనా? మీరు సదువుకున్నోళ్లు గదమ్మా!"

"మా అమ్మ గట్లనే పెట్టేది."

"మీరు మనుషులు." ఆమె మందు సీసా మూత బిగించింది. "పిల్లి ఒంటరిగ వేటాడి ఒంటరిగ తింటది. తిండి దగ్గర ఇంకోటి కనబడితే దానికి దొంగే. చారలదాని తప్పేం లేదు. దానికి పని గావాలె. మీ ఇంట్ల ఎలుకలు లేకపాయె, దీని వెంట పడ్డది. వాపస్ ఇచ్చి రాండ్రి."

వాపస్ ఇవ్వడం అంత సులువు కాదు. అవ్వ నన్ను బుట్టతో చూడగానే ముఖం గంటు పెట్టుకుంది.

"సిస్టరమ్మ నా చేతి బువ్వ ఎన్నడూ వద్దనలే. నువ్వు పిల్లినే వద్దంటివి."

"అవ్వా, నీ పిల్లికి వంక పెడ్తలేను. అది పనిమంతురాలు. మా ఇంట్ల దానికి పని లేదు. అక్క పెంచిన పిల్లి సచ్చిపోయేటట్టుంది. నాకు ఎవ్వరినీ ఏమనకుండ పడుకునేది గావాలె." పత్తి కుప్ప వైపు చూపించాను. గండుపిల్లి మొన్న ఉన్నచోటే ఉంది.

"గదా?" అవ్వ నమ్మలేదు. "గది ఉత్త పనిదొంగ బిడ్డా. ఎలుక దాని తోక మీదికెళ్లి పోయినా లేవది. సిస్టరమ్మ పేరు మీద గసొంటిదాన్ని ఎట్లిద్దును? ఊరోళ్లు నవ్వరా?"

"గసొంటిదే గావాలె."

లోపలినుంచి కోడలు పకాలున నవ్వింది. అవ్వ కూడా ఇక ఆపుకోలేకపోయింది. "అగో, సోమరిపోతని తెలిసి కోరుకునేటోళ్లు గూడ ఉన్నరు. మా పెద్ద మనుమనికి గిట్ల అడుగొచ్చే సంబంధం ఒక్కటి లేకపాయె!" చారల పిల్లి బుట్టలోంచి దూకి, వెనక్కి చూడకుండా కందుల బస్తాల సందులోకి పోయింది. గండుపిల్లిని బుట్టలో పెడితే ఒకసారి ఆవలించింది.

తిరుగు బస్సులో కండక్టర్ బుట్టలోకి తొంగిచూశాడు.

"పిల్లా? ఆడదా మగదా అమ్మా?"

"మగది."

"గట్లయితే టికెట్ కొట్టాలె. ఆడోళ్లకే ఫిరీ."

"ముందుగాల ఆధార్ కార్డు అడుగు, మగదో కాదో," అంది వెనక సీటులోని ఆమె. బస్సంతా నవ్వింది, నేను కూడా. అక్క పోయాక నేను పైకి నవ్వడం అదే మొదలు.

ఈసారి డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేశాను. ముందు గండుపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యాయి. దొరసాని తిరిగే వైపు తలుపున్న గదిలోనే దాన్ని ఉంచాలంది. అలాంటి గది అక్కదే. పెద్దకర్మ అయిన నాటి నుంచి దాని తలుపు తీయలేదు. తీశాను. మంచం మీద దుప్పటి మడిచి పెట్టి, కిటికీ తెరిచి, పిల్లిని లోపల వదిలాను. గండుపిల్లి గదంతా ఒకసారి చూసి మంచం ఎక్కి పడుకుంది. నేను అంతసేపూ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. దానికి ఆ గది ఒట్టి గది. నాకు అది మేలే చేసింది.

మొదటి వారం పాతబట్ట ఒకటి గండుపిల్లి ఒంటికి రుద్ది తెచ్చి దొరసాని పడుకునేచోట పరిచాను. దొరసానిది తీసి అక్కడ వేశాను. దొరసాని ఆ బట్టకు దూరంగా జరిగింది. మూడోనాటికి దాని అంచు మీద కూర్చుంది. రెండో వారం మూసిన తలుపుకు అటు ఒక గిన్నె, ఇటు ఒక గిన్నె పెట్టాను, తలుపుకు నాలుగు అడుగుల దూరంలో. గండుపిల్లి తినేటప్పుడు చాలా చప్పుడు చేస్తుంది, పిల్లలు పులుసు జుర్రినట్టు. తలుపు ఇవతల నేను నేల మీద కూర్చుని దొరసానికి వేలితో పెడుతూ ఉండేదాన్ని. అది చెవులు తలుపు వైపు పెట్టి మింగేది.

అలా పెట్టగా పెట్టగా తొమ్మిదో రోజు, లోపల చప్పరింపు మొదలైంది. దొరసాని నా వేలు వదిలింది. గిన్నె ముందుకు పోయి కూర్చుంది, ఎప్పటిలాగే పరిశీలించింది, మూతి పెట్టింది. మూడు నాలుగు ముద్దలు తిని ఆపింది. నేను కదలలేదు. నా కాలు తిమ్మిరెక్కింది, అయినా కదలలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "ఎంత తిన్నది?" అని అడిగింది. "చెంచాడు," అన్నాను. "చెంచాడంటే మస్తు," అంది. ఆమె గొంతులో సంతోషం విని నాకు కళ్లు తడిశాయి. ఆమెకు రోజుకు ఎన్ని బర్రెలు, ఎన్ని మేకలు వస్తాయో నేను చూశాను.

గిన్నెలు రోజుకు కొంచెం తలుపు దగ్గరికి జరిపాను. తర్వాత తలుపు బెత్తెడు తీశాను. చివరికి పూర్తిగా తీసిన రోజున ఏమీ జరగలేదు. దొరసాని గుమ్మంలో నిలబడి చూసింది. గండుపిల్లి తలెత్తి చూసి, తల దించి, పడుకుంది. కాసేపటికి దొరసాని లోపలికి పోయి మంచానికి రెండో కొసన కూర్చుంది.

అవి స్నేహితులయ్యాయని చెప్పను. ఒకదాన్నొకటి నాకవు, ఆడుకోవు. మధ్యాహ్నం ఆ మంచం మీద చెరో కొసన పడుకుంటాయి. ఒకటి లేచి పోతే రెండోది కళ్లు తెరిచి ఎటు పోయిందో చూస్తుంది. అంతే. నోటు పుస్తకంలో నేను రాసుకున్న జాతుల లెక్క ప్రకారం ఇది జోడీయే కాదు. గ్రంథాలయం పుస్తకంలోని ఆ నాలుగు పేజీల్లో ఊరపిల్లి మాటే లేదు.

ఎండాకాలంలో అవ్వ కళ్లు చూపించుకోవడానికి నల్గొండ వచ్చి మా ఇంటికి వచ్చింది. అక్క ఫొటో ముందు నిలబడి, నడుము ఎంత వరకు లేస్తే అంత లేపి చూసింది. తర్వాత మంచం వైపు తిరిగింది.

"గిది పిల్లా? మేకపిల్ల గిట్ల పండుకున్నదనుకున్న."

"గిదే సిస్టరమ్మ దొరసాని."

"దీనికి మా పనిదొంగ సేవ చేస్తాండా?" గండుపిల్లి వీపు మీద ఒకటి చరిచింది. అది కదలలేదు. "మంచిగనే కొల్వు దొరికింది నీకు. తిను, పండు."

ఆ రోజు ఆమెకు అన్నం పెడుతూ, సద్ది విప్పుకున్నప్పుడు అక్క ఏమేం మాట్లాడేదో అడిగాను. అవ్వ చాలాసేపు చెప్పింది. అందులో ఎక్కువ భాగం నా గురించే ఉంది. నేను చదివిన పుస్తకాల్లోని సంగతులను అక్క వాళ్లకు చెప్పేదట. నేను వింటున్నానని తనకు తెలియదేమో అనుకున్నాను గానీ, అప్పుడప్పుడు నేను చెప్పిన నాలుగు ముక్కలు తను అంతగా విన్నదని నాకే తెలియదు. అక్కకు నేను ఏనాడూ కృతజ్ఞత చెప్పలేదు. మా ఇళ్లలో ఆ మాట నోటితో అనరు. అవ్వకు మాత్రం ఆ రోజు చెప్పాను. ఆమె ఇబ్బంది పడి, ఇంకొంచెం పప్పు వెయ్యమంది.

దొరసాని బరువు మెల్లగా పెరిగింది. పూర్తిగా కోలుకునేదాకా రోజుకు రెండు పూటలైనా వేలితో పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. పెట్టాను. అవసరం తీరిన తర్వాత కూడా కొన్నాళ్లు పెట్టాను. నా వేలు పట్టుకునేటప్పుడు దాని గరుకు నాలుక, కళ్లు మూసుకునే తీరు నాకు అలవాటయ్యాయి. వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున వేలికి చికెన్ రాసి చాపాను. దొరసాని వాసన చూసింది. నా ముఖం కేసి చూసింది. పక్కనుంచి నడిచి పోయి, తన గిన్నెలో తిన్నది. అవతల మంచం పక్కన గండుపిల్లి తన గిన్నెలో తింటోంది. నేను చెయ్యి కడుక్కున్నాను. ఆ రోజు నుంచి దానికి నేను చేత్తో తినిపించడం లేదు.